వేడికి చెక్కుచెదరని పొర, గ్యాస్‌ని ఏరి పంపే పొర: మీ ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఒక మూల చిన్న ముక్క వేశాం, మూడొందల డిగ్రీల వేడికి కూడా కరగని ప్లాస్టిక్ పొరతో గాల్లోంచి నైట్రోజన్‌ని వేరు చేస్తారు అని. అంత చిన్న ముక్కకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్ని ప్రశ్నలు ఒకేలా ఉన్నాయి, వాటిని కలిపేశాం. ఇద్దరు ముగ్గురు ల్యాబ్ వాళ్ళు మరీ లోతుగా అడిగారు, వాళ్ళకి కాస్త పెద్ద జవాబులే ఇచ్చాం, మిగతావాళ్ళు ఏమనుకోకండి.

ప్రశ్న: ఫిల్మ్‌లో రంధ్రాలు లేవంటారు, మళ్ళీ గ్యాస్ అందులోంచి దాటుతుందంటారు. రెండూ ఎలా నిజం అవుతాయి సార్? (ఎంఎస్సీ విద్యార్థిని, వరంగల్)

జవాబు: రెండూ నిజమే అమ్మా. నిజానికి ఫిల్మ్‌లో సూది మొన అంత కాదు, దాంట్లో వెయ్యో వంతు రంధ్రం ఉన్నా మొత్తం కథ పాడైపోతుంది, ఎందుకంటే ఆ రంధ్రంలోంచి అన్ని గ్యాసులూ కలిసి కట్టగట్టుకుని పోతాయి, ఇక వేరు చేయడం అనేదే ఉండదు. రంధ్రం లేని పొరలో జరిగేది వేరు. ఎక్కువ ప్రెషర్ ఉన్న వైపు గ్యాస్ అణువు ముందు పాలిమర్‌లో (పొడవాటి గొలుసుల్లాంటి అణువులతో చేసిన ప్లాస్టిక్) కరుగుతుంది, అవును, నీళ్ళలో సోడా గ్యాస్ కరిగినట్టే, తర్వాత పాలిమర్ గొలుసుల మధ్య ఉన్న చిన్న చిన్న ఖాళీల్లో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గెంతుకుంటూ పోయి తక్కువ ప్రెషర్ ఉన్న వైపు బయటపడుతుంది. ఈ సంగతి కొత్తదేం కాదు, థామస్ గ్రాహం అనే ఆయన 1866లోనే రబ్బరు పొర ఒక పక్కన గాలి, ఇంకో పక్కన వాక్యూమ్ పెట్టి చూస్తే అవతలికి వచ్చిన గాల్లో ఆక్సిజన్ 21 శాతం నుంచి దాదాపు 41 శాతానికి పెరిగింది, కరగడం, దాటడం అనే ఈ మాట కూడా ఆయనే చెప్పాడు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆ ఖాళీలు ఒక చోట స్థిరంగా ఉండవు. గొలుసులు కదులుతుంటే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. సంక్రాంతి ముందు రోజు బస్టాండ్ రద్దీ ఊహించుకోండి, జనం అటూ ఇటూ మెసులుతూ ఉంటే సన్నగా ఉన్నవాడూ దూరిపోతాడు, లావుపాటి ఆయన కూడా మెల్లగా దూరిపోతాడు, అదే జనం బిగుసుకుని నిలబడి ఎప్పుడో ఒకసారి భుజం కాస్త పక్కకి తిప్పారనుకోండి, ఆ సందులో సన్నటివాడికి మాత్రమే దారి దొరుకుతుంది. రబ్బరు మొదటి రకం, పాలీఇమైడ్ లాంటి గట్టి పాలిమర్ రెండో రకం.

అంకెలు కావాలంటే, అణువు సైజు ఆంగ్‌స్ట్రామ్‌లలో హైడ్రోజన్ 2.89, కార్బన్ డయాక్సైడ్ 3.3, ఆక్సిజన్ 3.46, నైట్రోజన్ 3.64, మీథేన్ 3.8. ఆక్సిజన్‌కీ నైట్రోజన్‌కీ తేడా 0.18 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే, ఒక మీటర్‌ని ఐదు వేల ఐదొందల కోట్లకు పైగా ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. అంత చిన్న తేడాని సిలికోన్ రబ్బరు పెద్దగా పట్టించుకోదు, ఆక్సిజన్‌ని నైట్రోజన్ కంటే రెండు రెట్లు వేగంగా పంపిస్తుంది అంతే. మ్యాట్రిమిడ్ అనే పాలీఇమైడ్ అయితే ఆరేడు రెట్లు.

ప్రశ్న: 300 డిగ్రీలు తట్టుకునే ఖరీదైన పాలిమర్ వాడతారు, పని చేసేదేమో చాలా చోట్ల 40, 50 డిగ్రీల దగ్గర. ఇది కొండను తవ్వి ఎలుకను పట్టడం కాదా? (రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, రాజమండ్రి)

జవాబు: మాస్టారూ, వచ్చిన ఉత్తరాలన్నిట్లోకీ నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది, చాలా మంది పేపర్లు రాసేవాళ్ళు కూడా మొదటి లైన్‌లో వేడికి తట్టుకుంటుంది కాబట్టి వాడాం అని రాసేసి ముందుకెళ్ళిపోతారు, కానీ అసలు సంగతి అది కాదు. వేడికి తట్టుకోవడం, గ్యాసుల్ని ఏరడం, ఈ రెండు గుణాలూ ఒకే చోట పుడుతున్నాయి. గొలుసు బిరుసుగా ఉండాలి. గొలుసంతా బెంజీన్ రింగులు, ఇమైడ్ రింగులు వరసగా పేర్చినట్టు ఉంటే అది వంగదు, మెలి తిరగదు, వేడి చేసినా తొందరగా మెత్తబడదు, అదే బిరుసుతనం వల్ల మధ్యలో సందులు కూడా ఒక కొలతకి మించి తెరుచుకోవు. అంటే మనం వేడి కోసం డబ్బు పెట్టడం లేదు, బిరుసు కోసం పెడుతున్నాం, వేడికి తట్టుకోవడం దాంతోపాటు ఉచితంగా వచ్చింది.

కానీ బిరుసు ఒక్కటే చాలదు, ఇక్కడే స్ట్రక్చర్ ఆట మొదలవుతుంది. కాప్టన్ తీసుకోండి, డ్యూపాంట్ వాళ్ళది, పీఎండీఏ, ఓడీఏ అనే రెండు మోనోమర్లు (పాలిమర్ గొలుసు కట్టే ముడి ముక్కలు) కలిస్తే వచ్చేది, తేనె రంగులో ఉంటుంది, జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కి ఎండ తగలకుండా కట్టిన ఐదు పొరల గొడుగు కూడా దీంతో చేసిందే. వేడి విషయంలో దీనికి వంక పెట్టలేం. గ్యాస్ విషయంలో మాత్రం పిసినారి, కార్బన్ డయాక్సైడ్‌ని రెండు మూడు బ్యారర్ల కంటే ఎక్కువ పోనివ్వదు (బ్యారర్ అంటే గ్యాస్ ఎంత సులువుగా దాటుతుందో కొలిచే యూనిట్, రిచర్డ్ బ్యారర్ అనే సైంటిస్ట్ పేరు మీద పెట్టారు). ఎందుకంటే గొలుసులు చదునుగా ఉండి ఒకదాని మీద ఒకటి దగ్గరగా సర్దుకుంటాయి, ఎలక్ట్రాన్లు ఇష్టపడే డైఎన్‌హైడ్రైడ్ ముక్క (పీఎండీఏ), ఎలక్ట్రాన్లు ఇచ్చే డైఎమీన్ ముక్క (ఓడీఏ) ఎదురెదురుగా వచ్చి లాక్కుంటాయి, ఆ తేనె రంగు కూడా చాలావరకు ఆ లాగుడు వల్లే.

ఇప్పుడు డైఎమీన్ అదే ఉంచి పీఎండీఏ బదులు 6ఎఫ్‌డీఏ అనే ఇంకో డైఎన్‌హైడ్రైడ్ పెట్టండి. ఇందులో మధ్యలో ఒక కార్బన్‌కి రెండు ట్రైఫ్లోరోమిథైల్ గుంపులు వేలాడుతుంటాయి, లావుగా. వాటి వల్ల గొలుసులు దగ్గరగా సర్దుకోలేవు, కానీ అదే గుంపు ఆ కీలు దగ్గర మెలి తిరగడానికి కూడా అడ్డం పడుతుంది. ఖాళీ పెరిగింది, బిరుసు తగ్గలేదు. ఫలితం చూడండి, కార్బన్ డయాక్సైడ్ 20 బ్యారర్లు దాటేసింది, మీథేన్‌తో పోల్చిన సెలెక్టివిటీ (ఒక గ్యాస్‌ని ఇంకోదానికంటే ఎన్ని రెట్లు ఎక్కువ పంపుతుందన్న లెక్క) తగ్గలేదు సరికదా ఇంకా బాగైంది. రంగు కూడా పలచబడి దాదాపు గాజులా అవుతుంది. ఒక్క మోనోమర్ మారిస్తే ఇంత తేడా. ఓడీఏ కూడా తీసేసి నాలుగు మిథైల్ గుంపులున్న డ్యూరీన్ డైఎమీన్ పెడితే బ్యారర్లు ఏకంగా వందల్లోకి పోతాయి, కానీ అప్పుడు సెలెక్టివిటీ పడిపోతుంది.

ఈ ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గే లెక్కని లాయిడ్ రోబ్‌సన్ 1991లో గ్రాఫ్ గీసి చూపించాడు, అప్పటికి తెలిసిన పాలిమర్లన్నీ ఒక గీతకి కిందే ఉన్నాయి, 2008లో మళ్ళీ గీస్తే గీత కొంచెం పైకి జరిగింది. ఈ ఫీల్డ్‌లో ఏ పేపర్ తిప్పినా ఆ గీత ఒకటి కనపడుతుంది, దాని పైన ఒక ఎర్ర చుక్క పెట్టుకుని మాది దాటింది అని మురిసిపోవడం మా వాళ్ళకి అలవాటు. ఆ చుక్క ఏడాది తర్వాత ఎక్కడుంటుందో చాలా మంది చెప్పరు, ఆ సంగతి కింద వస్తుంది.

ప్రశ్న: పీఎండీఏ, ఓడీఏతో ఫిల్మ్ చేస్తున్నాను. ఒకసారి బుడగలు వస్తున్నాయి, ఒకసారి గాజు మీంచి తీస్తుంటే అప్పడంలా విరిగిపోతోంది. గైడ్‌ని అడిగితే ఓపిక పట్టమంటారు. పర్మియబిలిటీ (గ్యాస్ ఎంత సులువుగా దాటుతుందన్నది) రీడింగులు కూడా రోజుకో రకంగా ఉన్నాయి. (రీసెర్చ్ స్కాలర్, తిరుపతి)

జవాబు: తమ్ముడూ, గైడ్ చెప్పింది కరెక్టే గానీ ఎక్కడ ఓపిక పట్టాలో చెప్పలేదు. విరిగిపోయే సంగతి ముందు చూద్దాం. విరిగిందంటే చాలాసార్లు గొలుసు పొడవు సరిపోలేదని. రెండు మోనోమర్లూ మోల్‌కి మోల్ సరిగ్గా సమానంగా ఉంటేనే గొలుసు పొడుగ్గా పెరుగుతుంది. డైఎన్‌హైడ్రైడ్ పొడి గాల్లో తేమ పీల్చి కొంత యాసిడ్‌గా మారిపోయి ఉంటుంది, నువ్వు త్రాసులో సరిగ్గానే తూస్తావు, కానీ తూచిన దాంట్లో పనికొచ్చేది తక్కువ. వాడే ముందు వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టు. సాల్వెంట్ డీఎంఏసీ కూడా తేమ లేనిదే కావాలి. ముందు డైఎమీన్ పూర్తిగా కరిగించి, నైట్రోజన్ పారిస్తూ, డైఎన్‌హైడ్రైడ్‌ని కొద్దికొద్దిగా వెయ్యి, ఒకేసారి గుమ్మరించకు. మొదట్లో నీళ్ళలా ఉన్నది సమానం అయ్యే చోటికి వచ్చేసరికి ఒక్కసారిగా చిక్కబడి స్టిర్రర్ బార్ తిరగడానికి మొరాయిస్తుంది, అదీ గుర్తు. చిక్కబడలేదంటే ఆ బ్యాచ్‌తో ఫిల్మ్ పోయకు, ఎంత జాగ్రత్తగా వేడి చేసినా అది విరుగుతుంది. తయారైన పాలీఎమిక్ యాసిడ్‌ని, అంటే ఇంకా ఇమైడ్ రింగు కట్టుకోని గొలుసుని, ఫ్రిజ్‌లో పెట్టుకో, బయట వదిలేస్తే రోజులు గడిచేకొద్దీ తేమకి గొలుసులు తెగి పలచబడిపోతుంది.

ఇంక బుడగలు. ఈ వేడి చేసే స్టేజ్‌లో రెండు బయటికి పోవాలి, సాల్వెంట్ ఒకటి, గొలుసు రింగు కట్టుకున్నప్పుడల్లా ఊడిపడే నీళ్ళు ఇంకోటి. డీఎంఏసీ మరిగేది 165 డిగ్రీల చుట్టుపక్కల. నువ్వు ఓవెన్‌ని సరాసరి 200 పెట్టి ఫిల్మ్ తోసేశావనుకో, పై పొర ఎండి మూత పడిపోతుంది, లోపలిది మరిగి బుడగలై ఉబ్బుతుంది. గాజు పలక మీద డాక్టర్ బ్లేడ్‌తో (ఒకే మందంలో పరిచే పట్టీ) లాగాక, పలక సమంగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూసి, 60 నుంచి 80 డిగ్రీల మధ్య రాత్రంతా వదిలెయ్. పొద్దున్నే చూస్తే వేలికి అంటుకోని లేత పసుపు పొర ఉంటుంది. ఆ తర్వాత 100 డిగ్రీల దగ్గర ఒక గంట, 200 దగ్గర ఒక గంట, 300 దగ్గర ఒక గంట, మధ్యలో ఎక్కేటప్పుడు నింపాదిగా ఎక్కనివ్వు. అయ్యాక ఓవెన్ తలుపు టక్కున తెరవకు, ఓవెన్ చల్లారేదాకా లోపలే ఉండనివ్వు. తీసేటప్పుడు బ్లేడ్‌తో గీకొద్దు, పలకతో సహా గోరువెచ్చని నీళ్ళలో ముంచు, అంచు దగ్గర నీళ్ళు దూరి అదే లేచి వస్తుంది, తర్వాత మళ్ళీ ఆరబెట్టుకో. చేతికి గ్లవ్స్ మర్చిపోకు, ఈ సాల్వెంట్లు చర్మంలోంచి లోపలికి పోతాయి, గర్భిణీలు అసలు దగ్గరికే రాకూడదు.

రింగు కట్టుకుందా లేదా ఇన్‌ఫ్రారెడ్‌లో చూసుకోవచ్చు, 1780, 1720, 1380 దగ్గర పీకులు రావాలి, 1650 చుట్టుపక్కల ఉండే ఎమైడ్ పోవాలి. టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతుందో చూసే పరీక్ష) కూడా ఒకటి తీయించు. 200 డిగ్రీల లోపు బరువు తగ్గిందంటే సాల్వెంటో తేమో ఇంకా లోపల దాక్కుని ఉన్నట్టు. దాక్కున్న సాల్వెంట్ ఉన్న ఫిల్మ్ మీద కొలిచిన పర్మియబిలిటీ పాలిమర్‌ది కాదు, పాలిమర్ ప్లస్ సాల్వెంట్‌ది. రీడింగులు రోజుకో రకంగా రావడానికి నాకు మొదటి అనుమానం దీని మీదే.

రెండో అనుమానం నువ్వు తొందరపడి రీడింగ్ తీసుకుంటున్నావని. వాక్యూమ్ ఉన్న వైపు ప్రెషర్ పెరగడం గ్రాఫ్‌లో చూస్తావు కదా, మొదట కాసేపు ఏమీ పెరగదు, తర్వాత మెల్లగా వంపు తిరిగి తిన్నటి గీతగా మారుతుంది. ఆ తిన్నటి గీతని వెనక్కి పొడిగిస్తే టైమ్ అక్షాన్ని ఎక్కడ తాకుతుందో అదే టైమ్ లాగ్. మందం వర్గాన్ని టైమ్ లాగ్‌కి ఆరు రెట్లతో భాగిస్తే డిఫ్యూజన్ కోఎఫిషియంట్ వస్తుంది. 50 మైక్రాన్ల ఫిల్మ్‌లో కార్బన్ డయాక్సైడ్‌కి డిఫ్యూజన్ సెకనుకి పది కోట్లలో ఒక వంతు చదరపు సెంటీమీటర్ అనుకుంటే లాగ్ ఏడు నిమిషాలు వస్తుంది. మీథేన్ దాంట్లో పదో వంతు వేగంతో పోతుందనుకుంటే గంటా పది నిమిషాలు. లాగ్‌కి కనీసం మూడు నాలుగు రెట్లు ఆగితేగానీ గీత నిజంగా తిన్నగా అయినట్టు కాదు, అంటే మీథేన్ కొలిచే రోజు మధ్యాహ్నం క్యాంటీన్ ప్రోగ్రామ్ పెట్టుకోవచ్చు. ఫిల్మ్ లేని చోట లీక్ ఎంతుందో ముందే చూసుకో, మీథేన్ లాంటి నెమ్మది గ్యాస్‌కి లీకే రీడింగ్ అయి కూర్చుంటుంది. కొలిచే వరసలో కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ ఆఖరిది. అది పాలిమర్‌ని ఉబ్బించి పోతుంది, దాని తర్వాత కొలిచినవన్నీ ఉబ్బిన ఫిల్మ్ మీద కొలిచినట్టే.

ఇంకోటి ఉంది, ముసలితనం. గట్టి పాలిమర్‌లో గొలుసులు చేసినప్పుడు ఎక్కడివక్కడ ఆగిపోయాయి కదా, నెలల తరబడి అవి ఇంకాస్త ఇంకాస్త సర్దుకుంటూనే ఉంటాయి, ఖాళీ తగ్గుతుంది, పర్మియబిలిటీ పడుతుంది. మందపాటి ఫిల్మ్‌లో ఇది నిదానం, ఒక మైక్రాన్ కంటే పలచటి పొరల్లో చాలా తొందర. అందుకే ఫిల్మ్ ఏ తేదీన చేశావు, ఏ తేదీన కొలిచావు అన్నది నోట్‌బుక్‌లో రాసుకో. పేపర్‌లో కూడా రాయి, చాలా మంది రాయరు.

ప్రశ్న: మాకు డెయిరీ ఉంది, గోబర్ గ్యాస్ ప్లాంట్ కూడా. మెంబ్రేన్ (ఇలాంటి పొర) పెట్టుకుంటే గ్యాస్ సిలిండర్లలో నింపి అమ్ముకోవచ్చని ఒకాయన చెప్పారు. నిజమేనా? (పాఠకుడు, కరీంనగర్ జిల్లా)

జవాబు: టెక్నాలజీ నిజం, మీకు గిట్టుబాటు అవుతుందా అన్నది వేరే లెక్క అండి. గోబర్ గ్యాస్‌లో మీథేన్ 55, 60 శాతం ఉంటుంది, మిగతాది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్. బండ్లలో వాడే కంప్రెస్డ్ బయోగ్యాస్‌గా అమ్మాలంటే మన దేశ స్టాండర్డ్ ప్రకారం మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి. కేంద్రం 2018లో సతత్ స్కీమ్ మొదలుపెట్టింది ఇలాంటి ప్లాంట్ల కోసమే. మెంబ్రేన్‌తో చేసే పద్ధతి ఏంటంటే గ్యాస్‌ని పది, పదిహేను బార్ల దాకా కంప్రెస్ చేసి వెంట్రుకల్లాంటి బోలు దారాలు వేలకు వేలు కట్టగట్టిన గొట్టంలోకి పంపుతారు, కార్బన్ డయాక్సైడ్, తేమ గోడల్లోంచి బయటికి పోతాయి, మీథేన్ ప్రెషర్‌తో అవతలి చివర వస్తుంది. యూరప్‌లో ఇవి బాగా నడుస్తున్నాయి, ఆస్ట్రియాలో పుట్టిన పి84 అనే పాలీఇమైడ్‌తో ఎవోనిక్ కంపెనీ చేసే దారాలు పేరున్నవి. అదే పి84ని సిమెంట్ ఫ్యాక్టరీల్లో పొగలోంచి దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టర్లలో కూడా వాడతారు, అక్కడ మాత్రం నిజంగా వేడి కోసమే.

ఇప్పుడు మీ సంగతి. ఒక్క స్టేజ్ పెడితే కార్బన్ డయాక్సైడ్‌తోపాటు కొంత మీథేన్ కూడా బయటికి పోతుంది, మీ పేడ కష్టం గాల్లో కలిసినట్టే, అది వాతావరణానికి కూడా చెడ్డది. అలా పోకుండా రెండు మూడు స్టేజీలు పెట్టి కొంత గ్యాస్‌ని వెనక్కి తిప్పుతారు, అంటే కంప్రెసర్ ఇంకా పెద్దది, కరెంట్ బిల్లు ఇంకా ఎక్కువ. మెంబ్రేన్ ముందు హైడ్రోజన్ సల్ఫైడ్, అదే ఆ కుళ్ళిన గుడ్ల వాసన, దాన్ని, నీటి ఆవిరినీ, కంప్రెసర్ ఆయిల్ తుంపరనీ పూర్తిగా తీసెయ్యాలి. ఆయిల్ పడిందంటే దారాలు పాడవుతాయి, మళ్ళీ బాగవ్వవు. ప్రెషర్ మరీ పెంచినా చిక్కే, కార్బన్ డయాక్సైడ్ ఒక్కదాని ప్రెషర్ పది, పదిహేను బార్లకి వచ్చేసరికి మ్యాట్రిమిడ్ లాంటి పాలిమర్ ఉబ్బడం మొదలుపెడుతుంది, గొలుసులు ఎడంగా జరిగి మీథేన్‌ని కూడా వదిలేస్తుంది. మీ గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ 40 శాతమే కాబట్టి మొత్తం ప్రెషర్ 12 బార్లు అయినా దాని వాటా అయిదు దగ్గరే ఉంటుంది, ఆ భయం తక్కువ.

నా మాట వింటే, ఇంటి పొయ్యికీ డెయిరీలో నీళ్ళు కాచుకోవడానికీ ఉన్న గ్యాస్‌ని ఉన్నట్టే కాల్చుకోండి, బర్నర్ దానికి తగ్గది ఉంటే చాలు. నాలుగైదు ఊళ్ళ డెయిరీలు కలిసి పెద్ద ప్లాంట్ పెట్టే ఆలోచన ఉంటే అప్పుడు మెంబ్రేన్‌నీ, నీళ్ళతో కడిగే పద్ధతినీ, పీఎస్‌ఏనీ (ప్రెషర్ మారుస్తూ గుళికలతో గ్యాస్‌ని పట్టి వదిలే పద్ధతి) మూడింటికీ కొటేషన్లు తెప్పించుకుని, మీథేన్ ఎంత శాతం పోతుందో, ఒక క్యూబిక్ మీటర్‌కి కరెంట్ ఎంత కాలుతుందో రాతపూర్వకంగా అడగండి. దారాలు ఎన్నేళ్ళకి మార్చాలో, మార్చడానికి ఎంతవుతుందో కూడా. ఈ ఆఖరి ప్రశ్నకి చాలా మంది సేల్స్ వాళ్ళు నవ్వి ఊరుకుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ విమానం ఇంధనం ట్యాంకులో నైట్రోజన్ నింపుతారని చెప్పాడు. అంత నైట్రోజన్ ఎక్కడ మోస్తారు? (పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మోయరండి, గాల్లో పోతూ గాల్లోంచే తయారు చేసుకుంటారు, అదీ ఈ పొరలతోనే. 1996 జులై 17న న్యూయార్క్ నుంచి పారిస్ బయల్దేరిన టీడబ్ల్యూఏ 800 విమానం, బోయింగ్ 747, ఎగిరిన కొద్దిసేపటికే గాల్లో పేలిపోయి 230 మంది చనిపోయారు. మధ్య ట్యాంకులో దాదాపు ఇంధనం లేదు, ఉన్న కొద్దిపాటి ఆవిరి, గాలి కలిసి అంటుకున్నాయని విచారణలో తేలింది. ఆ తర్వాత ట్యాంకులో ఖాళీ చోట ఆక్సిజన్ తగ్గించాలన్న పట్టుదల వచ్చి 2008లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ రూల్ తెచ్చింది. ఆక్సిజన్ 12 శాతం లోపు ఉంటే నిప్పు రవ్వ పడినా అంటుకోదు.

మామూలుగా చేసేది ఏంటంటే ఇంజిన్ నుంచి కొంత వేడి గాలిని తీసుకుని, కాస్త చల్లార్చి, బోలు దారాల కట్టలోకి పంపుతారు. ఆక్సిజన్ గోడల్లోంచి జారి బయటికి పోతుంది, నైట్రోజన్ ఎక్కువున్న గాలి ట్యాంకులోకి వెళ్తుంది. కదిలే భాగాలు దాదాపు ఉండవు, బరువు తక్కువ, అందుకే విమానానికి నచ్చింది. రాజమండ్రి మాస్టారు అడిగారు కదా, వేడికి తట్టుకోవడం నిజంగా పనికొచ్చేది ఎక్కడ అని, ఇదిగో ఇక్కడ. చల్లార్చినా ఆ గాలి వేడిగానే ఉంటుంది, వేడి ఎక్కువుంటే ఎక్కువ గాలి దాటుతుంది, కట్ట చిన్నదైనా సరిపోతుంది, కానీ మామూలు ప్లాస్టిక్ అయితే ఏళ్ళ తరబడి ఆ వేడిలో మెత్తబడి కుదించుకుపోతుంది.

ప్రశ్న: కోవిడ్‌లో కొన్న ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్ ఇంట్లో మూలన పడి ఉంది. అందులోది కూడా ఇదే పొరా? (పాఠకుడు, ఒంగోలు)

జవాబు: కాదు. అందులో ఉన్నది జియోలైట్ అనే గుళికలు, నైట్రోజన్‌ని పట్టుకుని ఆక్సిజన్‌ని వదులుతాయి, అందుకే 90 శాతం పైన వస్తుంది. పొరతో ఒక్కసారికి 30, 40 శాతం దాకానే తేగలం. పూణేలో ఎన్‌సీఎల్ (నేషనల్ కెమికల్ లేబొరేటరీ) వాళ్ళు కోవిడ్ టైమ్‌లో అలాంటి హాలో ఫైబర్ యూనిట్ చేశారు, తక్కువ ఇబ్బంది ఉన్న పేషెంట్ల కోసం. మీ మెషీన్‌ని తేమ తగలకుండా ఉంచండి, నెలకోసారి ఆన్ చేసి కాసేపు నడపండి.

ప్రశ్న: అన్నిటికంటే బెస్ట్ పాలిమర్ ఏది, ఒక్క పేరు చెప్పండి చాలు. పొర ఎంత పలచగా ఉంటే అంత మంచిదని విన్నాను, అయితే ఫిల్మ్ ఎందుకు 50 మైక్రాన్లు చేస్తారు? (బీటెక్ కెమికల్, కాకినాడ)

జవాబు: ఒక్క పేరు అడిగితే చెప్పలేను బాబూ, ఏ గ్యాస్ నుంచి ఏ గ్యాస్, ఎంత వేడి, ఎంత ప్రెషర్ అన్నది ముందు చెప్పాలి. మందం సంగతి ముందు చూద్దాం. 50 మైక్రాన్ల ఫిల్మ్ ల్యాబ్‌లో పాలిమర్ గుణం కొలుచుకోవడానికి, ఫ్యాక్టరీలో ఎవరూ అది వాడరు. ఫ్యాక్టరీ దారంలో పని చేసే చర్మం 0.1 మైక్రాన్ దగ్గర ఉంటుంది, కింద స్పాంజ్ లాంటి దన్ను. మందంలో అయిదొందల రెట్ల తేడా అంటే దాటే గ్యాస్‌లో కూడా అయిదొందల రెట్లు. ఇలా పైన పలచటి చర్మం, కింద స్పాంజ్ ఒకే పోతలో తెచ్చే పద్ధతి 1960 ప్రాంతంలో అమెరికాలో లోబ్, సౌరిరాజన్ అని ఇద్దరు ఉప్పునీళ్ళ కోసం కనిపెట్టారు, సౌరిరాజన్ గారు మన దేశంలో పుట్టినవాడే. అంత పలచటి చర్మంలో ఎక్కడో ఒక చిల్లి లేకుండా రాదు కదా, మోన్‌శాంటో వాళ్ళు 1980 ప్రాంతంలో పాలీసల్ఫోన్ దారం మీద పలచగా సిలికోన్ పూసి ఆ చిల్లులు పూడ్చేశారు. ఎమోనియా ఫ్యాక్టరీల్లో వృథాగా పోయే హైడ్రోజన్‌ని తిరిగి పట్టడానికి మెంబ్రేన్ వ్యాపారంగా నిలబడింది ఆ తెలివితోనే. కాప్టన్‌ని అలా దారం తీయలేం, ఒకసారి ఇమైడ్ అయ్యాక ఏ మామూలు సాల్వెంట్‌లోనూ కరగదు. మ్యాట్రిమిడ్, పి84 ఇమైడ్ అయ్యాక కూడా కరుగుతాయి కాబట్టే మార్కెట్లో నిలబడ్డాయి, వాటికంటే మంచి నంబర్లున్నవి చాలా ఉన్నాయి.

మరీ వేడి పని అయితే, అంటే బొగ్గు గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసే చోట 200, 250 డిగ్రీల దగ్గరే వేరు చేసేస్తే చల్లార్చే ఖర్చు మిగులుతుంది, అక్కడ పీబీఐ అనే పాలీబెంజిమిడజోల్ పేరు వినపడుతుంది, ఫైర్ సర్వీస్ వాళ్ళు తొడుక్కునే కోటుల్లో వాడే పదార్థమే, మెత్తబడాలంటే 420 డిగ్రీలు దాటాలి. మామూలుగా వేడి పెరిగితే ఏ పాలిమర్‌కైనా సెలెక్టివిటీ తగ్గుతుంది. ఇక్కడ మాత్రం తమాషాగా హైడ్రోజన్ పక్షాన పెరుగుతుంది, ఎందుకంటే వేడికి కార్బన్ డయాక్సైడ్ పాలిమర్‌లో కరగడం తగ్గిపోతుంది, హైడ్రోజన్ ఎలాగూ కరిగి కాదు, చిన్నదిగా ఉండి నెగ్గుతుంది.

ఇంకో దారి, ఫిల్మ్ అయ్యాక దాన్నే మళ్ళీ కాల్చడం. 2007లో కొరియాలోని హాన్‌యాంగ్ యూనివర్సిటీ వాళ్ళు హైడ్రాక్సిల్ గుంపున్న పాలీఇమైడ్‌ని 400 డిగ్రీల పైన వేడి చేస్తే గొలుసులోంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి పాలీబెంజాక్సజోల్‌గా మారుతుందని, గొలుసులు అప్పటికే కదల్లేని స్థితిలో ఉండటం వల్ల లోపల భలే ఆకారంలో ఖాళీలు మిగులుతాయని చూపించారు. రోబ్‌సన్ గీత దాటింది. పెళుసుతనం దాంతోపాటే వచ్చింది. ఇంకా పైకి, 600, 800 డిగ్రీలకి ఆక్సిజన్ లేకుండా తీసుకెళ్తే అది పాలిమర్‌గా ఉండదు, కార్బన్ అయిపోతుంది, ఏరడంలో దానికి సాటి లేదు గానీ ముట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. మాంచెస్టర్ నుంచి 2004లో వచ్చిన పిమ్-1 అనే పాలిమర్‌లో అయితే ఖాళీలు విపరీతం, కాకపోతే ముసలితనం కూడా అంతే తొందర. నీ ప్రాజెక్ట్‌కి అయితే మ్యాట్రిమిడ్‌తో మొదలుపెట్టు, దాని మీద ప్రపంచమంతా కొలిచి పెట్టిన నంబర్లున్నాయి, కార్బన్ డయాక్సైడ్ పది బ్యారర్ల దగ్గర, మీథేన్‌తో సెలెక్టివిటీ 35 చుట్టుపక్కల, నీ రీడింగ్ దానికి దగ్గరగా వచ్చిందంటే నీ సెటప్ సరిగ్గా ఉన్నట్టు.

ప్రశ్న: ఈ సబ్జెక్ట్‌లో పీహెచ్‌డీ చెయ్యాలంటే హైదరాబాద్ వదలాలా? (ఎంఎస్సీ ఫైనల్ ఇయర్, నల్గొండ)

జవాబు: అక్కర్లేదు, తార్నాకలో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉంది, అక్కడ మెంబ్రేన్ల మీద చాలా ఏళ్ళుగా పని జరుగుతోంది. పాలిమర్ తయారీ మీద మనసుంటే పూణే ఎన్‌సీఎల్ కూడా చూడు. సీఎస్‌ఐఆర్ నెట్ రాస్తూనే ఉండు, ఇంటర్వ్యూకి పోయే ముందు కరగడం, దాటడం అనే రెండు ముక్కలూ విడివిడిగా ఏ గ్యాస్‌కి ఏది ఎక్కువో కాగితం మీద రాసుకుని చూసుకో, అది తప్పకుండా అడుగుతారు.